అనేక లినక్స్ లాప్‌టాప్‌లలో డిస్కులకు స్థిరమైన పేర్లు: సమగ్ర మార్గదర్శి

ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్న కొత్త లాప్‌టాప్‌కు పెన్‌డ్రైవ్ తగిలిస్తే దానికి సాధారణంగా ‘ఎస్‌డీఏ’ అనే పేరు వస్తుంది. పాత సాటా డిస్కు ఉన్న లాప్‌టాప్‌లో అదే ‘ఎస్‌డీఏ’ మీ ఆపరేటింగ్ సిస్టమ్, ఫోటోలు, పత్రాలు అన్నీ ఉన్న ప్రధాన డిస్కు. కొత్త యంత్రంలో ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌కు ఎక్కించడానికి రాసిపెట్టుకున్న డీడీ (డేటాను ఉన్నదున్నట్టు నకలు చేసే) ఆదేశాన్ని పాత యంత్రంలో అక్షరం మార్చకుండా నడిపితే, అది ఏ ప్రశ్నా అడగకుండా ప్రధాన డిస్కును మొదటి సెక్టారు నుంచి తుడిచిపెడుతుంది. ఒక్క లాప్‌టాప్ మాత్రమే ఉన్నవారికి ఈ ప్రమాదం అరుదు. ఇంట్లోనో, చిన్న కార్యాలయంలోనో, కళాశాల ప్రయోగశాలలోనో మూడు నాలుగు లాప్‌టాప్‌లను చూసుకునేవారికి ఇది ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదమే.

లినక్స్ కేంద్ర భాగమైన కర్నెల్ ఇచ్చే పేరు ఆసుపత్రిలో ఓపీ చీటీ మీద వేసే వరుస సంఖ్య లాంటిది. ఈ రోజు 3 వచ్చిన మనిషికే రేపు 17 రావచ్చు. కాబట్టి ఆ పేరును తెర మీద చూసి అర్థం చేసుకోవడానికే వాడాలి తప్ప, ఏ ఫైలులోనూ, ఏ స్క్రిప్టులోనూ రాసి దాచుకోకూడదు. ఈ మార్గదర్శి అంతా ఈ ఒక్క నియమాన్ని ఆచరణలో పెట్టడం గురించే.

ఆదేశాల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో ఇచ్చాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి. పెద్ద అక్షరాలు అవసరమైన చోట ఆ సంగతి చెప్పాను.

కర్నెల్ పేర్లు ఎందుకు నిలకడగా ఉండవు

సాటా డిస్కులకు, యూఎస్‌బీ డిస్కులకు కర్నెల్ ఒకే వరుసలో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అని పేర్లు ఇస్తుంది. ఏ పరికరం ముందు కనిపిస్తే దానికి ముందు అక్షరం దక్కుతుంది. ఇప్పటి కర్నెళ్లు బూట్ త్వరగా పూర్తి కావడానికి పరికరాలను ఏకకాలంలో వెతుకుతాయి కనుక, రెండు డిస్కులున్న లాప్‌టాప్‌లో ఒక బూట్‌కు, మరో బూట్‌కు మధ్య ఈ వరుస తారుమారు కావచ్చు. ఎన్‌వీఎంఈ డిస్కుల పేర్ల తీరు వేరు. ‘ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2’ అంటే 0వ పరికరంలోని 1వ నేమ్‌స్పేస్‌లో (డిస్కు నిల్వలోని ఒక పెద్ద భాగంలో) 2వ విభజన, అంటే పార్టిషన్, అని అర్థం. ఇక్కడ కూడా మొదటి సున్నా శాశ్వతం కాదు, రెండు ఎం.2 స్లాట్లున్న లాప్‌టాప్‌లో 0, 1 అంకెలు ఒకదాని స్థానంలోకి మరొకటి రావచ్చు. చవక లాప్‌టాప్‌లలోని ఈఎంఎంసీ నిల్వకూ, మెమొరీ కార్డులకూ ‘ఎంఎంసీబీఎల్‌కే’తో మొదలయ్యే పేర్లు వస్తాయి.

పేర్ల పద్ధతే మారిపోయిన సందర్భం కూడా ఉంది. ఐడీఈ డిస్కులకు ఒకప్పుడు ‘హెచ్‌డీఏ’ అనే పేరు ఉండేది. 2007 ప్రాంతంలో ఉబుంటు, ఫెడోరా వంటి లినక్స్ పంపిణీలు కొత్త డ్రైవర్లకు మారినప్పుడు అవే డిస్కులు ‘ఎస్‌డీఏ’ అయ్యాయి. పాత పేరును ఎఫ్‌స్టాబ్‌లో (ఏ విభజన ఏ డైరెక్టరీకి తగలాలో, అంటే మౌంట్ కావాలో, చెప్పే ఫైలులో) రాసుకున్న యంత్రాలు, హార్డ్‌వేర్‌లో ఏ మార్పూ లేకపోయినా, తమ డిస్కులను గుర్తించలేకపోయాయి.

దీనికి పరిష్కారం యూడెవ్. గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ 2003లో మొదలుపెట్టిన ఈ సాధనం 2012లో సిస్టమ్‌డిలో (బూట్‌నూ, సేవలనూ నడిపే వ్యవస్థలో) కలిసింది. ప్రతి డిస్కు లక్షణాలనూ చదివి, డెవ్ డైరెక్టరీలోని ‘డిస్క్’ అనే ఉపడైరెక్టరీలో స్థిరమైన పేర్లతో లంకెలను తయారుచేస్తుంది. మన పని ఆ లంకెలలో ఏది ఎక్కడ వాడాలో తెలుసుకోవడమే.

ఏ పేరు దేనిని గుర్తిస్తుంది

ఆ ఉపడైరెక్టరీలోని గుంపులు పైకి ఒకేలా కనిపిస్తాయి. కాని ఒక్కొక్కటి డిస్కులోని ఒక్కొక్క పొరను గుర్తిస్తుంది. ఈ తేడా పట్టుబడితే సగం చిక్కులు ఉండవు.

‘బై-యూయూఐడీ’ గుర్తించేది ఫైల్ సిస్టమ్‌ను, అంటే విభజనలో ఫైళ్లను అమర్చిన కట్టడాన్ని. యూయూఐడీ అంటే మరొకదానికి ఉండని గుర్తింపు సంఖ్య. ఫార్మాట్ చేసిన క్షణంలో పుట్టే ఈ సంఖ్య ఆ ఫైల్ సిస్టమ్ ఉన్నంత కాలం దానితోనే ఉంటుంది. డిస్కును ఒక లాప్‌టాప్ నుంచి తీసి యూఎస్‌బీ పెట్టెలో పెట్టి మరో లాప్‌టాప్‌కు తగిలించినా మారదు. మళ్లీ ఫార్మాట్ చేస్తే మాత్రం కొత్త సంఖ్య వస్తుంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లలో ఇది 32 హెక్సాడెసిమల్ అంకెల పొడవు ఉంటుంది. ఫ్యాట్‌లో 8 అంకెలు, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 16 అంకెలు మాత్రమే. సంఖ్య పొడవు చూస్తేనే అది ఏ రకం ఫైల్ సిస్టమ్‌దో చాలావరకు తెలిసిపోతుంది.

‘బై-పార్ట్‌యూయూఐడీ’ గుర్తించేది విభజనను. ఇది జీపీటీ విభజన పట్టికలో ఉంటుంది కనుక లోపలి ఫైల్ సిస్టమ్‌ను ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మారదు. యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రాము) తన బూట్ ఎంట్రీలలో గుర్తుపెట్టుకునేది కూడా ఈ సంఖ్యనే. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమొరీలోకి ఎక్కే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్) లేకుండా నేరుగా బూటయ్యే కర్నెల్‌కు ‘రూట్=’ వాక్యంలో పార్ట్‌యూయూఐడీ అర్థమవుతుంది కాని ఫైల్ సిస్టమ్ యూయూఐడీ అర్థం కాదు, ఎందుకంటే ఫైల్ సిస్టమ్ లోపలికి వెళ్లి యూయూఐడీని చదివి పోల్చే పని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోని ప్రోగ్రాములది.

‘బై-ఐడీ’ గుర్తించేది భౌతికమైన డిస్కును. డిస్కు మోడల్, సీరియల్ సంఖ్య కలిసి ఈ పేరు ఏర్పడుతుంది. మొత్తం డిస్కు మీద పనిచేసే ఆదేశాలకు ఇదే సరైనది. అయితే యూఎస్‌బీ పెట్టెలతో ఒక జాగ్రత్త అవసరం: కొన్ని పెట్టెలు డిస్కు సీరియల్‌కు బదులు తమ సొంత సీరియల్‌ను చూపిస్తాయి. లోపల ‘ఏటీఏ’తో మొదలైన పేరు బయట ‘యూఎస్‌బీ’తో మొదలవుతుంది. చవక రకాల్లో ఒకే మోడల్ పెట్టెలన్నీ ఒకే సీరియల్‌ను చూపించడం కూడా ఉంది. కాబట్టి పెట్టెల్లో పెట్టి తిప్పే డిస్కులకు బై-ఐడీ మీద ఆధారపడటం మంచిది కాదు.

‘బై-పాత్’ గుర్తించేది డిస్కు తగిలిన చోటును. లాప్‌టాప్‌లలో దీని ఉపయోగం తక్కువ. ‘బై-లేబుల్’ గుర్తించేది మనం పెట్టిన పేరును. మనిషి సులువుగా చదవగలిగేది ఇదే, రెండు డిస్కులకు పొరపాటున ఒకే పేరు పడే అవకాశం ఎక్కువగా ఉన్నదీ ఇదే. అందుకే లేబుళ్లకు ఒక పద్ధతి ఉండాలి.

మొదటి మెట్టు: ప్రతి లాప్‌టాప్‌కూ జాబితా

ఏదీ మార్చకముందే ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ ఆదేశానికి ‘-ఓ’ ఐచ్ఛికం ఇచ్చి, నేమ్, సైజ్, మోడల్, సీరియల్, ట్రాన్, ఎఫ్‌ఎస్‌టైప్, లేబుల్, యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ, మౌంట్‌పాయింట్ అనే నిలువు వరుసలను మధ్యలో ఖాళీ లేకుండా కామాలతో అడగండి. ‘ట్రాన్’ అనే వరుస డిస్కు సాటాదా, ఎన్‌వీఎంఈదా, యూఎస్‌బీదా అన్నది చెబుతుంది కనుక దానిని వదలవద్దు. ‘బీఎల్‌కేఐడీ’ ఆదేశం కూడా ఇవే వివరాలు ఇస్తుంది. కాని సుడో (నిర్వాహక అధికారం) లేకుండా నడిపితే పాత నిల్వలోని సమాచారం చూపవచ్చు, కాబట్టి దానిని సుడోతోనే నడపాలి.

ఈ ఫలితాన్ని ఆ లాప్‌టాప్ హోస్ట్‌నేమ్‌తో ఒక టెక్స్ట్ ఫైలుగా దాచండి. అన్ని లాప్‌టాప్‌ల ఫైళ్లూ ఒకే చోట, ఏ ఒక్క లాప్‌టాప్ చెడిపోయినా అందేలా ఉండాలి. డిస్కు పాడైన రోజున దాని పాత యూయూఐడీ తెలిసేది ఈ ఫైలులోనే. ప్రతి యూఎస్‌బీ డిస్కు మీదా దాని లేబుల్‌ను కాగితం మీద రాసి అంటించడం కూడా ఈ మెట్టులో భాగమే.

రెండో మెట్టు: లేబుళ్లకు ఒక పద్ధతి

‘యంత్రం పేరు, గీత, పాత్ర’ అనే క్రమం నాకు అన్నిటికంటే నచ్చినది. లాప్‌టాప్‌లకు కృష్ణ, మంజీర, తుంగ అని పేర్లు పెట్టారనుకుందాం. కృష్ణలోని రూట్ విభజన (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది) ‘కృష్ణ-రూట్’, హోమ్ విభజన ‘కృష్ణ-హోమ్’, ఈఎఫ్‌ఐ విభజన (బూట్ ఫైళ్లు ఉండేది) ‘కృష్ణ-ఈఎఫ్‌ఐ’ అవుతాయి. ఏ యంత్రానికీ చెందని డిస్కుకు యంత్రం పేరు ఉండకూడదు. ‘బ్యాకప్-1’, ‘బ్యాకప్-2’ అని పాత్రతోనే మొదలుపెట్టాలి. ఇలా చేస్తే కృష్ణలోని డిస్కును తీసి మంజీరకు తగిలించినా రెండు రూట్‌లు ఒకదానితో ఒకటి తగాదా పడవు.

పేరు ఎంచుకునేటప్పుడు పొడవు పరిమితులను చూసుకోవాలి. ఈఎక్స్‌టీ4లో లేబుల్ 16 బైట్లు, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో 12 అక్షరాలు, ఫ్యాట్‌లో 11 అక్షరాలు, జీపీటీ విభజన పేరు 36 అక్షరాలు. పైన చెప్పిన ‘కృష్ణ-రూట్’ ఇంగ్లీషు లిపిలో సరిగ్గా 12 అక్షరాలు, ‘కృష్ణ-ఈఎఫ్‌ఐ’ సరిగ్గా 11. యంత్రం పేరు ఏడు అక్షరాలు దాటితే ఈ పద్ధతి ఫ్యాట్‌లో ఇమడదు. తెలుగు లిపిలోనే లేబుల్ పెట్టాలని కొందరికి ఉండవచ్చు. ఈఎక్స్‌టీ4 దానిని అడ్డుకోదు. కాని యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతి ఒక్కటీ 3 బైట్లు తీసుకుంటుంది, గుణింతపు గుర్తులూ, పొల్లులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. 16 బైట్లలో పట్టేవి ఐదు సంకేతాలే. ‘కృష్ణ’ అనే పేరొక్కటే ఐదు సంకేతాలు తినేస్తుంది. పైగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అత్యవసర తెర మీద తెలుగు ఫాంటు ఉండదు. బూట్‌కు సంబంధించిన విభజనలకు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, గీత మాత్రమే వాడండి. ఫ్యాట్‌లో పెద్ద అక్షరాలు వాడటం మేలు. ఖాళీ జాగాలు ఎక్కడా వద్దు, ఎందుకంటే యూడెవ్ లంకెలో ఖాళీ ఒక రకంగానూ, ఎఫ్‌స్టాబ్‌లో మరో రకంగానూ సంకేతాలతో రాయవలసి వస్తుంది.

లేబుల్ మార్చడానికి ఈఎక్స్‌టీ4కు ‘ఈ2లేబుల్’, ఫ్యాట్‌కు ‘ఫ్యాట్‌లేబుల్’, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు అన్‌మౌంట్ చేసిన తరువాత పెద్ద ‘ఎల్’ ఐచ్ఛికంతో ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్_అడ్మిన్’, స్వాప్‌కు (మెమొరీ చాలనప్పుడు వాడే డిస్కు భాగానికి) ‘స్వాప్‌లేబుల్’ ఉన్నాయి. ఎఫ్‌స్టాబ్ ఇప్పటికే పాత లేబుల్ మీద ఆధారపడి ఉంటే, ముందు ఎఫ్‌స్టాబ్‌ను యూయూఐడీకి మార్చి, ఆ తరువాతే లేబుల్‌ను ముట్టుకోవాలి.

మూడో మెట్టు: ఎఫ్‌స్టాబ్‌ను సరిచేయడం

లాప్‌టాప్ లోపలి విభజనలకు యూయూఐడీ, పంచుకునే బయటి డిస్కులకు లేబుల్: ఇది నేను ఖచ్చితంగా పాటించమని చెప్పే నియమం. లోపలి విభజన ఒక్క యంత్రానికే చెందింది, దాని పేరును మనిషి చదవవలసిన అవసరం లేదు, రెండోదానితో కలవకుండా ఉండటమే ముఖ్యం. బయటి డిస్కు విషయం వేరు. ‘బ్యాకప్-1’ పాడై కొత్తది కొన్నప్పుడు అదే లేబుల్ పెడితే, ఏ లాప్‌టాప్‌లోనూ ఎఫ్‌స్టాబ్ మార్చకుండా పని సాగుతుంది.

ఎఫ్‌స్టాబ్ మొదటి గడిలో డెవ్ మార్గం స్థానంలో ‘యూయూఐడీ=’ లేదా ‘లేబుల్=’ అని ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో రాసి, వెంటనే విలువను ఇవ్వాలి. బయటి డిస్కుకు నాలుగో గడిలో ‘నోఫెయిల్’ తప్పనిసరి. అది లేకపోతే, డిస్కు తగిలించకుండా బూట్ చేసినప్పుడు సిస్టమ్‌డి మామూలుగా 90 సెకన్లు వేచి చూసి అత్యవసర స్థితిలోకి వెళ్లిపోతుంది. ప్రయాణంలో ఉన్న లాప్‌టాప్ ఇలా ఆగిపోతే బ్యాకప్ డిస్కు ఇంటి దగ్గరే ఉంటుంది. ‘నోఫెయిల్’తో పాటు ‘నోఆటో’, ‘ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్’, ‘ఎక్స్-సిస్టమ్‌డి.డివైస్-టైమ్‌ఔట్=10’ కూడా చేరిస్తే, ఆ డైరెక్టరీని ఎవరైనా తెరిచినప్పుడే డిస్కు మౌంట్ అవుతుంది, డిస్కు లేకపోతే పది సెకన్లలో విఫలమవుతుంది. ఆరో గడిలో రూట్‌కు 1, లోపలి మిగతా విభజనలకు 2, బయటి డిస్కుకు 0 ఉండాలి.

ఫైలు భద్రపరిచాక ‘ఫైండ్‌ఎంఎన్‌టీ’ ఆదేశాన్ని ‘--వెరిఫై’ ఐచ్ఛికంతో నడపండి. తప్పుడు యూయూఐడీనీ, లేని డైరెక్టరీనీ అది అక్కడికక్కడే చూపిస్తుంది. ఆ తరువాత ‘సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్’, అన్నీ మౌంట్ చేసే ‘మౌంట్ -ఏ’ నడిపి, లోపం లేదని తేలాకే రీబూట్ చేయాలి.

ఒకే లాప్‌టాప్‌లో రెండు లినక్స్ పంపిణీలు పెట్టుకునేవారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఎదురవుతుంది. రెండో పంపిణీ ఇన్‌స్టాలర్ ఉమ్మడి స్వాప్ విభజనను మళ్లీ ఫార్మాట్ చేసి దాని యూయూఐడీని మార్చేస్తుంది. ఆపైన మొదటి పంపిణీ ప్రతి బూట్‌లోనూ లేని స్వాప్ కోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది. స్వాప్‌ను పార్ట్‌యూయూఐడీతో సూచిస్తే ఈ బాధ ఉండదు. డెబియన్, ఉబుంటులలో హైబర్నేషన్ నుంచి మేలుకునే చోటును సూచించే ‘రెజ్యూమ్’ ఫైలు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ అమరికల్లో విడిగా ఉంటుంది, దానినీ సరిచేయడం మరవకండి.

నాలుగో మెట్టు: గుప్తీకరణ, ఎల్‌వీఎం

లక్స్‌తో గుప్తీకరించిన విభజనకు రెండు యూయూఐడీలు ఉంటాయి. పైపొరది లక్స్ యూయూఐడీ. తాళం తీశాక కనిపించేది లోపలి ఫైల్ సిస్టమ్ యూయూఐడీ. క్రిప్ట్‌టాబ్‌లో (బూట్ సమయంలో ఏ విభజనల తాళం తీయాలో చెప్పే ఫైలులో) మొదటిది, ఎఫ్‌స్టాబ్‌లో రెండోది రాయాలి. ఈ రెండింటినీ తారుమారు చేయడం వల్లనే చాలామంది బూట్ మధ్యలో చిక్కుకుంటారు. క్రిప్ట్‌టాబ్‌లో ఇచ్చే మ్యాపర్ పేరు (తాళం తీసిన విభజనకు పెట్టే పేరు) అన్ని లాప్‌టాప్‌లలోనూ పాత్రను బట్టి ఒకటే ఉండవచ్చు. అది ఆ యంత్రం లోపలి అమరికే కాని డిస్కుతో పాటు ప్రయాణించదు.

ఎల్‌వీఎం (డిస్కు జాగాను ఒక గ్రూపుగా చేర్చి, అందులోంచి భాగాలు పంచే పద్ధతి) వాల్యూమ్ గ్రూపు పేరు మాత్రం డిస్కు మీదే ఉంటుంది, డిస్కుతో పాటు ప్రయాణిస్తుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ హోస్ట్‌నేమ్‌ను కలిపి గ్రూపు పేరు పెడుతుంది, అది మంచి పద్ధతి. ఉబుంటు ఇన్‌స్టాలర్ పెట్టే పేరులో హోస్ట్‌నేమ్ ఉండదు కనుక, ఒకే విధంగా సిద్ధం చేసిన రెండు లాప్‌టాప్‌లలో గ్రూపు పేర్లు ఒకటే అవుతాయి. ఒకదాని డిస్కును రెండోదానికి తగిలించినప్పుడు, ఒకే పేరుతో రెండు గ్రూపులు ఎదురై ఎల్‌వీఎం తికమక పడుతుంది. అప్పుడు ‘వీజీఎస్’ ఆదేశంతో రెండింటి యూయూఐడీలనూ చూసి, ‘వీజీరీనేమ్’కు అతిథి గ్రూపు యూయూఐడీని, కొత్త పేరునూ ఇవ్వాలి. ఆ డిస్కు తిరిగి తన లాప్‌టాప్‌లోకి వెళ్లి బూట్ కావలసి ఉంటే, పంపే ముందు పాత పేరు మళ్లీ పెట్టాలి, లేకపోతే అక్కడి బూట్ అమరికలకు ఆ గ్రూపు దొరకదు.

ఐదో మెట్టు: అందరూ వాడే బ్యాకప్ డిస్కు

డెస్క్‌టాప్‌లో క్లిక్ చేసి మౌంట్ చేసిన డిస్కు ఫెడోరాలో ‘రన్/మీడియా’ కింద, ఉబుంటులో ‘మీడియా’ కింద, వాడుకరి పేరుతో ఉన్న డైరెక్టరీలో ప్రత్యక్షమవుతుంది. ఆ మార్గాన్ని బ్యాకప్ స్క్రిప్టులో రాస్తే, పంపిణీ మారిన చోట అది పనిచేయదు. అందుకే పైన చెప్పిన ఎఫ్‌స్టాబ్ వరుసను అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒకేలా పెట్టి, ‘ఎస్‌ఆర్‌వీ/బ్యాకప్’ వంటి ఒకే మౌంట్ స్థానం ఎంచుకోండి. అప్పుడు ఒకే స్క్రిప్టు అన్నిటా నడుస్తుంది. ఈఎక్స్‌టీ4 డిస్కు మీద ఫైళ్ల యజమాని పేరుతో కాక సంఖ్యతో నమోదవుతాడు కనుక, ఒకే వ్యక్తి ఖాతాకు అన్ని లాప్‌టాప్‌లలోనూ ఒకే యూఐడీ (వాడుకరి గుర్తింపు) సంఖ్య ఉండేలా చూడాలి.

స్క్రిప్టు బ్యాకప్ ఫైళ్లను రాయడం మొదలుపెట్టే ముందు, ఆ స్థానంలో నిజంగా డిస్కు మౌంట్ అయిందో లేదో ‘మౌంట్‌పాయింట్ -క్యూ’ ఆదేశంతో పరీక్షించాలి. లేకపోతే బ్యాకప్ అంతా లాప్‌టాప్ సొంత రూట్ విభజనలోనే పడి, దానిని నింపేస్తుంది.

లేబుల్ చాలని చోట, ఉదాహరణకు ఫైల్ సిస్టమ్ లేని డిస్కుకు, యూడెవ్ నియమం రాయవచ్చు. ‘యూడెవ్‌ఏడీఎం ఇన్ఫో’తో డిస్కు లక్షణాలు చూసి, ‘ఐడీ_సీరియల్_షార్ట్’ విలువ సరిపోలినప్పుడు ‘సిమ్‌లింక్+=’తో అదనపు లంకె తయారుచేయమని నియమం ఇస్తే సరిపోతుంది (ఈ రెండు పేర్లూ ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో). డిస్కు అసలు కర్నెల్ పేరును యూడెవ్ మార్చలేదు, లంకెను మాత్రమే చేర్చగలదు.

ఆరో మెట్టు: క్లోన్ చేసిన డిస్కులు

ఒక లాప్‌టాప్‌ను చక్కగా సిద్ధం చేసి, దాని డిస్కును డీడీతోనో క్లోనింగ్ సాధనంతోనో మిగతావాటికి నకలు తీయడం ప్రయోగశాలల్లో మామూలే. నకలులో యూయూఐడీ, పార్ట్‌యూయూఐడీ, లేబుల్ అన్నీ అచ్చు అలాగే ఉంటాయి. విడివిడి లాప్‌టాప్‌లలో ఉన్నంత కాలం ఏమీ కాదు. మరమ్మతు కోసం రెండు డిస్కులు ఒకే యంత్రంలో కలిసిన రోజున ఏది మౌంట్ అవుతుందో చెప్పలేము. ఎక్స్‌ఎఫ్‌ఎస్ నకలును మౌంట్ చేయడానికి నిరాకరిస్తుంది, అది మన అదృష్టం. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ యూయూఐడీతోనే తన డిస్కులను గుర్తిస్తుంది కనుక, అసలునూ నకలునూ ఒకే యంత్రానికి తగిలించి మౌంట్ చేస్తే డేటా చెడిపోయే ప్రమాదం ఉంది.

అందువల్ల నకలు పూర్తయిన వెంటనే, అసలు డిస్కును వేరుచేసి, లైవ్ యూఎస్‌బీ నుంచి బూట్ చేసి సంఖ్యలు మార్చాలి. ఈఎక్స్‌టీ4కు ముందు ‘ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్’, తరువాత పెద్ద ‘యూ’ ఐచ్ఛికానికి ‘ర్యాండమ్’ అనే విలువ ఇచ్చి ‘ట్యూన్2ఎఫ్‌ఎస్’. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కు అదే ఐచ్ఛికానికి ‘జెనరేట్’ ఇచ్చి ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్_అడ్మిన్’. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ట్యూన్ -యూ’. విభజన పట్టికకు పెద్ద ‘జీ’ ఐచ్ఛికంతో ‘ఎస్‌జీడిస్క్’. ఆపైన నకలులోని ఎఫ్‌స్టాబ్‌లో కొత్త సంఖ్యలు రాసి, క్రూట్ చేసి (ఆ నకలునే రూట్‌గా చేసుకొని అందులోకి వెళ్లి), ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను, బూట్ లోడర్ అయిన గ్రబ్ అమరికను మళ్లీ తయారుచేయాలి. ఉబుంటు, డెబియన్‌లలో ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ’, ‘అప్‌డేట్-గ్రబ్’. ఫెడోరాలో ‘డ్రాకట్ -ఎఫ్’, కర్నెల్ వాక్యాలు మార్చడానికి ‘గ్రబ్బీ’. పార్ట్‌యూయూఐడీ మారితే ఫర్మ్‌వేర్‌లోని పాత బూట్ ఎంట్రీ పనికిరాదు, ‘ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్’తో కొత్తది చేర్చాలి.

మొత్తం డిస్కును తాకే ఆదేశాలు

డీడీకి గమ్యంగా ఎల్లప్పుడూ బై-ఐడీ మార్గమే ఇవ్వండి, ట్యాబ్ మీటతోనే పూర్తిచేయండి. పెన్‌డ్రైవ్ తయారీదారు పేరు ఆదేశంలోనే కనిపిస్తుంది కనుక, ఎంటర్ నొక్కే ముందు కన్ను దానిని పట్టుకుంటుంది. ఒక చిన్న ప్రమాదం ఉంది: ఆ పేరుతో లంకె లేకపోతే, రూట్ అధికారంతో నడిచే డీడీ అదే పేరుతో మామూలు ఫైలును సృష్టించి మెమొరీని నింపడం మొదలుపెడుతుంది. ‘కన్వ్=నోక్రియట్’ చేర్చితే అలా జరగదు; పేరు తప్పైతే ఆదేశం వెంటనే ఆగిపోతుంది.

విద్యుత్ పొదుపు కోసం టీఎల్‌పీ వాడేవారు దాని అమరికల్లోని ‘డిస్క్_డివైసెస్’ (పెద్ద అక్షరాలతో) వరుసను చూడాలి. అందులో కర్నెల్ పేర్లు ముందే రాసి ఉంటాయి. వాటి స్థానంలో ‘టీఎల్‌పీ డిస్క్‌ఐడీ’ ఆదేశం చూపించే ఐడీలను పెట్టవచ్చు. డిస్కు ఆరోగ్యాన్ని గమనించే స్మార్ట్‌డీకి ‘డివైస్‌స్కాన్’ (పెద్ద అక్షరాలతో) చాలు, ప్రత్యేకంగా డిస్కు పేరు రాయవలసి వస్తే బై-ఐడీ రాయాలి.

డిస్కు మార్చినప్పుడు

పాడైన డిస్కు స్థానంలో కొత్తది వేసినప్పుడు, పాతది తిరిగి రాదని నిశ్చయమైతే, కొత్త ఫైల్ సిస్టమ్‌కు పాత యూయూఐడీనే ఇవ్వవచ్చు. ‘ఎంకేఎఫ్‌ఎస్.ఈఎక్స్‌టీ4’కు పెద్ద ‘యూ’ ఐచ్ఛికంతో జాబితాలోని పాత సంఖ్యను, పెద్ద ‘ఎల్’తో పాత లేబుల్‌ను ఇచ్చి ఫార్మాట్ చేసి, బ్యాకప్‌ను తిరిగి ఎక్కిస్తే ఎఫ్‌స్టాబ్ ఒక్క అక్షరం కూడా మారనక్కరలేదు. పాత డిస్కు ఇంకా కొనప్రాణంతో ఉండి, దాని నుంచి ఫైళ్లు తీయవలసి ఉంటే మాత్రం ఈ పని చేయవద్దు. అప్పుడు కొత్త సంఖ్యతోనే వెళ్లాలి. మార్పిడి పూర్తయిన రోజునే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఫలితాన్ని మళ్లీ తీసి, ఆ లాప్‌టాప్ జాబితా ఫైలులో పాత సీరియల్ సంఖ్య పక్కన ‘తీసివేయబడింది’ అని తేదీతో రాసి, కొత్త డిస్కు వివరాలను దాని కింద చేర్చండి.